తొక్కుడుగడప మాత

రాళ్ళమిట్ట ఊరికి పడమట, నాపరాతి గనుల దారిలో, సున్నం కొట్టిన గోడలతో కనిపించేదే తొక్కుడుగడప మాత గుడి. బస్సు దిగి పావుగంట నడవాలి. దారిలో నీడ లేదు కనుక యాత్రికులు గొడుగు తెచ్చుకోవడం మంచిది. గుడికి ఎడమ పక్క సమాధుల తోట, ఎదురుగా పెద్ద తలుపులు, ఆ తలుపుల కింద గడపగా వేసిన ఒక పెద్ద బండ. గుడికి పేరు ఆ బండ వల్లనే వచ్చింది. లోపల పీఠం మీద కొలువైన మరియమాత తల మీద కిరీటం ఉండదు, రాళ్ళు మోసేవాళ్ళు పెట్టుకునే చుట్టకుదురు ఉంటుంది.

ఆ బండను తొక్కాలి. ఎన్నిసార్లు చెప్పినా వినని భక్తుల కోసం మళ్ళీ రాస్తున్నాము. దానికి పసుపు పూయకండి. దండ వేయకండి. పాపమేమోనని దాటి గెంతకండి. ముందు వంగి తుడవాలి, తర్వాత చెప్పుల్లేని కాళ్ళతో దాని మీద నిలబడాలి, ఆ తర్వాతే లోపలికి రావాలి. కారులో వచ్చినవారికి వేరే తలుపు లేదు. నడుము నొప్పి ఉన్నవారికి పక్కవారు తుడిచి పెడతారు. పెద్దరికం నొప్పి ఉన్నవారికి మాత్రం ఎవరూ తుడవరు.

పూర్వం ఇక్కడ తాటాకు పాకలో పూజ జరిగేది. వాన వస్తే పీఠం మీద గొడుగు పట్టేవారు. ఆ రోజుల్లో ఊళ్ళో కలిగినవాడు బాలశౌరి. వాళ్ళది నాలుగు తరాల క్రైస్తవ కుటుంబమే గాని, జ్ఞానస్నానం నాడు పెద్దరికాన్ని మాత్రం ఒడ్డునే ఉంచి మునిగిన కుటుంబం. గుడికి స్థలమూ రాయీ తానిస్తానన్నాడు, ఇచ్చాడు. అది కాదనము. రాయి కొట్టడానికి గనుల దగ్గర గుడిసెలో ఉండే జోజయ్యను పిలిపించాడు. జోజయ్య కొట్టిన రాయిని అతని భార్య ఆగ్నేసమ్మ తలకెత్తుకుని మోసింది. గోడలు, మెట్లు, పీఠం, సమాధుల తోట చుట్టూ ప్రహరీ, అన్నీ నాలుగేళ్ళలో ఆ ఇద్దరి చేతుల మీదుగానే లేచాయి.

చివరికి తలుపుల పైన నిలబెట్టడానికి ఒక పెద్ద బండ మీద అక్షరాలు చెక్కమన్నాడు బాలశౌరి. ఏడు వరుసలు. అందులో దేవుడి పేరు ఒక్కసారి, బాలశౌరి పేరు మూడుసార్లు! అప్పటికే జోజయ్య ఊపిరితిత్తుల నిండా రాతిదుమ్ము. ఒక్కో అక్షరానికి పది దగ్గులు దగ్గేవాడు.

"చాల్లేవయ్యా! ఆ దీర్ఘం అంత పొడుగు తియ్యకపోతే ఆయన పొట్టోడైపోతాడా?" అని ఆగ్నేసమ్మ కసిరేది.

"ఆయన సంగతి నాకెందుకే. అక్షరం చేసిన తప్పేంది?" అని జోజయ్య నవ్వేవాడు.

ఆఖరి వరుస పూర్తయిన పదోనాడు అతను చనిపోయాడు.

ఆగ్నేసమ్మ బాలశౌరి వాకిట్లోకి వెళ్ళి నిలబడింది. "అయ్యా, ఆయన కట్టిన గోడ లోపల ఆయనకు ఆరడుగులు ఇప్పించండి. ఇంకేం అడగను" అంది.

"మీవాళ్ళకు వాగొడ్డు ఉంది గదే. లోపల మావాళ్ళకే. ఆచారం" అన్నాడు బాలశౌరి.

గుడి గోడకు కొట్టిన సున్నం ఇంకా ఆరలేదు, ఈ ఆచారం ఎప్పుడు పుట్టిందో చెప్పమనండి! గుడిలో పూజ చేసే ఫాదరు, స్వాములవారు, పక్కనే ఉన్నారు. జపమాల తిప్పుతూ నేల చూపులు చూశారు. యాత్రికుల కోసం వేసే ఈ గుడి పుస్తకం పాత ముద్రణల్లో ఈ ముక్క లేదు. ఉండవలసిందే కనుక చేర్చాము. ప్రభువు ముందు అందరూ ఒకటేనని ఆదివారం పాడిన నోళ్ళు సోమవారం మూతపడ్డాయి. జోజయ్యను వాగొడ్డున పూడ్చారు.

ఆగ్నేసమ్మ ఏడవలేదు, మండిపోయింది. మూడు రోజులు ముద్ద ముట్టలేదు. నాలుగోనాటి మధ్యాహ్నం గనిలో ఒక బండ నీడన కునుకు పట్టింది. కలలో ఒక ఆడమనిషి వచ్చింది. తల మీద చుట్టకుదురు, కాళ్ళ నిండా దుమ్ము. తనతో రాళ్ళు మోసే కూలిమనిషే అనుకుంది ఆగ్నేసమ్మ.

"లే. బాలశౌరి దాహంతో ఉన్నాడు. నీళ్ళు తీసుకుపో" అంది వచ్చినామె.

"ఊళ్ళో ఇంతమంది ఉండగా నేనే దొరికానా నీకు?"

"నా బిడ్డను కూడా ఊరి బయటే చంపారమ్మా. పూడ్చడానికి సొంత చోటు లేదు, ఎవరో ఇస్తే పెట్టాము. నీ మంట నాకు తెలియదా?" అందామె. "అయినా నీళ్ళు తీసుకుపో."

ఆగ్నేసమ్మ మేలుకుంది. వచ్చింది ఎవరో అప్పుడు తెలిసింది. తెలిసినా కోపం తగ్గలేదు. కలలో కూడా పెద్దోళ్ళ చాకిరీయేనా అని గొణుక్కుంటూ కడవ ఎత్తుకుంది.

గనుల మలుపులో బండి ఇరుసు విరిగి పడి ఉంది. బాలశౌరి తన పేరున్న బండను స్వయంగా వెంట ఉండి తీసుకుపోతున్నాడు, ఒక్క అక్షరం చెక్కుపోతుందేమోనని ఇంకెవరినీ నమ్మలేదు. బండి ఒరిగితే బండ జారింది, దాన్ని ఆపబోయి కాలు ఇరికించుకున్నాడు. బండ అంచు ఒక రాయి మీద ఆగబట్టి కాలు నుజ్జు కాలేదు గాని, బయటికి రాలేదు. బండితోలేవాడు మనుషుల కోసం ఊళ్ళోకి పరుగెత్తాడు. ఆ ఎండలో, తన పేరు కిందే, పెద్దాయన నోరు తెరుచుకుని పడి ఉన్నాడు.

ఆగ్నేసమ్మ ముందు నీళ్ళు పోసింది. తర్వాత బండిలోంచి గడ్డపలుగు తీసింది. రాయి కదిలించడం ఆమెకు తెలిసిన పనే.

"ఆగ్నేసూ, ఈ రాయి లేపు. నీ మొగుడికి లోపల చోటిస్తాను. పీఠం వైపునే ఇస్తాను. ఒట్టు..."

"నోరు ముయ్యి!" ఆమె ఆయన్ని నువ్వు అనడం అదే మొదలు. "ఆ ముక్క ఇంకోసారి అన్నావంటే ఇట్టాగే వదిలేసి పోతా. నా మొగుణ్ణి బేరంలో పెడతావా? నువ్వు ఒట్టేసినాక లేపితే ఇది కూలి అవుద్ది. నేను కూలికి రాలా. ఈ మేలుకు నువ్వు తగవని నాకు తెలుసు, నీకూ తెలుసు. అయినా లేపుతున్నా. కాలు లాక్కో."

ఆమె మనసు వెన్నలా కరిగిపోయిందని కొందరు ఉపదేశులు ప్రసంగాల్లో చెబుతుంటారు. వట్టి మాట. ఒళ్ళంతా కోపంతో వణుకుతూనే ఆమె పలుగు నొక్కింది. కోపం చల్లారాక క్షమిస్తాములే అని కూర్చునేవారు ఈ గడప దగ్గర కాసేపు నిలబడాలి.

బాలశౌరి మూడు నెలలు మంచం మీద ఉన్నాడు. ఒట్టు వేయనిచ్చి ఉంటే ఆ మాట చెల్లించేసి హాయిగా నిద్రపోయేవాడు. ఆమె వేయనివ్వలేదు. తనకు తగని మేలు తన చేతిలో ఉండిపోయింది, తిరిగి ఇచ్చే దారి లేదు. అది ఆయన్ని లోపల తొలిచింది. లేచి నిలబడిన రోజునే ఊతకర్రతో గనుల దగ్గరి గుడిసెకు వెళ్ళి, "అమ్మా, జోజయ్యను లోపలికి తెచ్చుకుందాం. నీకు ఇష్టమైతేనే" అని అడిగాడు. ఇప్పుడా తెలివి వచ్చింది అన్నట్టు చూసింది గాని, ఆమె వద్దనలేదు.

వాగొడ్డున మొదటి పార బాలశౌరే వేశాడు. తన కోసం అట్టిపెట్టుకున్న చోటులో జోజయ్యను పెట్టించాడు. వాగు వైపు ప్రహరీ పడగొట్టించాడు. యాత్రికులు నేటికీ ఆ వైపు గోడ లేకపోవడం చూడవచ్చు. పేరున్న బండను పైన కాకుండా, అక్షరాలు ఆకాశం చూసేటట్టు గడపగా వేయించాడు.

గుడి ప్రతిష్ఠ నాడు, "మొదట ఆగ్నేసమ్మ తొక్కాలి" అన్నాడు. ఊరంతా చూస్తోంది. ఆమె గడప ముందు నిలబడిపోయింది.

"తొక్కమ్మా. నా పేరే గదా."

"నీ పేరు తొక్కడానికి నాకేం భయం? అక్షరాలు మా ఆయనవి" అని కసిరింది ఆగ్నేసమ్మ. కళ్ళ వెంట అప్పుడు వచ్చాయి నీళ్ళు, ఇన్నాళ్ళకు.

ఆమె వంగింది. పైటకొంగుతో మొదటి వరుస నుంచి ఏడో వరుస దాకా అక్షరం అక్షరం తుడిచింది. ఆ తర్వాత లేచి, రెండు కాళ్ళూ దాని మీద మోపి, లోపలికి నడిచింది. ఆమె వెనక బాలశౌరి ఊతకర్ర పక్కన పెట్టి, వంగి, తుడిచి, తొక్కాడు. తర్వాత స్వాములవారు, ఈసారి జపమాల జేబులో పెట్టుకుని.

ఆనాటి నుంచి ఆచారం అదే. తుడవడం చెక్కినవాడి కోసం, తొక్కడం చెక్కించినవాడి కోసం. ఇక్కడ మొక్కితే ఉద్యోగం వస్తుందనీ పంట పండుతుందనీ మేము రాయము. ఏళ్ళ తరబడి మాటల్లేని అన్నదమ్ములు ఒకే గుడ్డతో బండ తుడిచి లోపలికి రావడం మాత్రం చాలాసార్లు చూశాము. కోపం పోయాక రమ్మని ఈ తల్లి ఎవరినీ అనదు. కోపంతోనే రండి.

నిరుడు తిరునాళ్ళకు పట్నం నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. బండ అరిగిపోతోందని బాధపడి, ఇత్తడి రేకు తొడిగిస్తానన్నాడు. రేకు మూలన తన తండ్రి పేరు వేయిస్తాడట, చిన్నదేనట! గుడి ఊడ్చే మార్తమ్మ చేతిలోని గుడ్డ ఆయనకు అందించింది. ఇంకెవరైనా తుడుస్తారేమోనని ఆయన అటూ ఇటూ చూశాడు. ఎవరూ కదలలేదు. చివరికి ఇస్త్రీ పంట్లాం మోకాళ్ళ దగ్గర నలిగేలా వంగాడు. తుడుస్తూ తుడుస్తూ, నునుపుతేలిన ఆ రాతి మీద వేళ్ళు ఆడించి, "ఇక్కడ ఎవరి పేరుందమ్మా?" అని అడిగాడు.

"ఏమో బాబూ, మా అమ్మనాటికే కనపడేది కాదంట" అంది మార్తమ్మ. "ఆ మూల కూడా తుడిచి, లోపలికి రండి."