పోగు తప్పిన చోట

సోమలింగం మాస్టారిని ప్రశ్న అడిగితే జవాబు రాదు, పని వస్తుంది. చీరాల పక్కన ఆయన మగ్గాల షెడ్డులో నేత నేర్చుకునే వాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. తెలిసే అడిగింది కౌముది.

“మేం పెళ్ళి చేసుకుందామనుకుంటున్న సంగతి తెలిసి, నిన్న భానుతేజ వాళ్ళమ్మ మా ఇంటికొచ్చింది మాస్టారూ. ‘విడాకులైన ఇంటి పిల్లవి. ఒక్క మాట అంటే చెప్పులేసుకుని పోయే రకం. నీ అంతట నువ్వే తప్పుకో, ఆదివారంలోగా నా కొడుక్కి చెప్పెయ్’ అంది. నేనూ ఊరుకోలేదు, గట్టిగానే ఇచ్చాను. కానీ నిజం చెప్పొద్దూ, ఆ భయం నాకూ ఉంది. అమ్మానాన్నలు విడిపోయినవాళ్ళకి కలిసుండటం చేతకాదా?”

మాస్టారు నాడెలో అయిపోయిన నూలు కండె మార్చుకుంటూ, “రేపు అచ్చు అతకాలి. పోగులు అందించడానికి మనిషి కావాలి. ఆ అబ్బాయిని తీసుకురా,” అన్నారు.

మగ్గం మీద నిలువు పోగుల పాత పడుగు అయిపోతే, దువ్వెనలాంటి అచ్చులో మిగిలిన దాని కొసలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా మెలిపెట్టి కలుపుతారు. ఒకరు వరసగా అందించాలి, ఎదురుగా కూర్చున్నవారు వేళ్ళకు బూడిద అద్దుకుని మెలిపెట్టాలి. ఒక్క పోగు దాటిపోయిందా, ఆ తర్వాతివన్నీ పక్కకు జరుగుతాయి. చారలు చెడతాయి.

భానుతేజ సెల్ టవర్లు బాగుచేసే పనిలో ఉన్నాడు. సెలవు పెట్టి మరీ వచ్చాడు. “మీ పేటలో పెళ్ళిచూపులు ఇలాగే పెడతారా మాస్టారూ?” అని నవ్వించాడు కూడా. అతను అందిస్తుంటే కౌముది మెలిపెడుతూ, గంటన్నర బాగానే నడిచింది. ఎర్ర చార రావాల్సిన చోట పసుపు పోగు చేతికొచ్చేసరికి కౌముది ఆగిపోయింది.

“ఎక్కడో వరస తప్పించావు.”

“నువ్వు చూసుకోవద్దూ? నేత నేర్చుకుంటున్నది నువ్వా, నేనా?”

“అందించింది ఎవరు?”

“ఆ, అన్నీ నా మీదే తొయ్యి!”

కౌముది విసురుగా లేచింది. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంది. వెనక నుంచి భాను అన్నాడు: “అదిగో, పోతోంది. మా అమ్మ ఊరికే అనలేదు.”

ఆమె వీధి మలుపు దాకా వెళ్ళింది. మాస్టారు పిలవలేదు. కాసేపటికి తనే తిరిగొచ్చి, చెప్పులు విడిచి, తన చోట కూర్చుంది.

“చూడకుండా మెలిపెట్టాను. అంతవరకు తప్పు నాది. మిగిలింది నువ్వు చూసుకో. కోపం ఇంకా ఉంది, కానీ నేను పోవడం లేదు. మీ అమ్మకి ఈ మాట కూడా చెప్పు.”

మాస్టారు మొదటిసారి తలెత్తారు. “ఇలా తిరిగి రావడం ఎవరు నేర్పారమ్మా?”

“మా నాన్న.” ఆ సంగతి పైకి చెప్పాక గాని కౌముదికే తెలియలేదు. “నా తొమ్మిదో ఏట విడిపోయారు. అయినా ప్రతి గురువారం నా కోసం వచ్చేవాడు. ఒకసారి నా మీద అరిచి వెళ్ళిపోయాడు. మర్నాడు శుక్రవారం, ఆయన వచ్చే రోజు కాదు. ఒంగోలు నుంచి బస్సెక్కి వచ్చి, గుమ్మం బయట నిలబడి, ‘నిన్న తప్పు నాదే తల్లీ’ అన్నాడు. అమ్మ లోపలికి రమ్మనలేదు. ఆయన నొచ్చుకోనూ లేదు.”

మాస్టారు భాను వైపు తిరిగారు. “మీ ఇంట్లో?”

“మా ఇంట్లో అసలు గొడవలే ఉండవండీ.”

“అదృష్టవంతులు. ఎలా?”

“నాన్న మాట్లాడరు.” భాను గొంతు తగ్గింది. “అమ్మతో మాట్లాడి పదకొండేళ్ళయింది. ఏదైనా కావాలంటే నాతో చెప్పిస్తారు.”

కోర్టు ముద్ర పడిన కాగితం ఉంటే అది విరిగిన ఇల్లట. పదకొండేళ్ళుగా ఒక మాట లేని ఇల్లు మాత్రం నిక్షేపంలాంటి సంసారమట! ఆ ఇంటి మీద ఏ ముద్ర కొడతారో కౌముది అడగలేదు. అడగాల్సిన పనీ లేకపోయింది. భాను ముందుకు జరిగి, తప్పిన పోగు దాకా ఒక్కో మెలిక విప్పడం మొదలుపెట్టాడు. అలవాటు లేని చేతులు. పోగులు సగం తెగుతున్నాయి. అయినా మానలేదు.

అతను వింటూండగానే కౌముది అడిగింది: “మరి ఆదివారం నేనేం చెప్పాలి మాస్టారూ?”

“చెప్పాల్సింది నువ్వేనని ఎవరన్నారు?” అన్నారు మాస్టారు, మెలికలు విప్పుతున్న భాను వైపు చూస్తూ.