ఇంటి కింద సింహం

ఒక మనిషి దగ్గర పన్నెండు వేల ఇటుకలు ఉన్నాయి. అతను కట్టాలనుకున్న ఇంటికి పద్దెనిమిది వేలు కావాలి.

ఇటుకల్లాగే సిమెంటు, ఇసుక, ఇనప చువ్వలు కూడా మూడింట రెండు వంతులే ఉన్నాయి. ఇరవై ఏళ్ళు ఒళ్ళు వంచి కూడబెట్టినది అంతే. దానికి మించి ఒక్క తట్ట ఇసుక కూడా తేగల శక్తి అతనికి లేదు. ఈ సంగతి అతనికీ అతని భార్యకీ తెలుసు. మూడో మనిషికి తెలియకూడదని అతని కోరిక.

వాళ్ళున్న అద్దె ఇంటి యజమాని తన కూతురి కాపురానికి ఆ ఇల్లు కావాలనీ, మృగశిర కార్తె వచ్చేలోగా ఖాళీ చెయ్యాలనీ చెప్పేశాడు. అప్పటికి మాఘమాసం. చేతిలో నాలుగు నెలలున్నాయి. అది వాళ్ళకు పదకొండో అద్దె ఇల్లు. పన్నెండోదానికి సామాను సర్దనని భార్య నిమ్మళంగా చెప్పింది. ఆమె ఏదైనా నిమ్మళంగా చెప్పిందంటే ఆ మాట ఇక మారదు.

స్థలం నల్లరేగడి నేల. ఎండలకు చెయ్యి దూరేంత నెర్రెలు తీస్తుంది. వానలకు ఉబ్బి పైకి లేస్తుంది. పైన ఇల్లుందా, గడ్డి ఉందా అని ఆ నేల చూసుకోదు.

ఎదురుగా రెండేళ్ళ కిందట కట్టిన ఇల్లు ఒకటి ఉంది. దాని ముందు నాలుగు లావుపాటి స్తంభాలు, మెట్లకు అటూ ఇటూ రెండు సిమెంటు సింహాలు, పైన ఎవరూ నిలబడని బాల్కనీ. దారిన పోయేవాళ్ళు ఆగి ఆ ఇంటిని చూస్తారు. ఎదురింటాయన అరుగు మీద కూర్చుని, చూసేవాళ్ళను చూస్తాడు. ఆయనకు అది పూటకింత తిండి లాంటిది.

ఇతను తన ఇంటిని కాగితం మీద గీసుకున్నప్పుడు, తెలిసో తెలియకో, ఆ ఇంటినే గీశాడు.

మేస్త్రీ వచ్చాడు. ఆయనకు ఒక అలవాటుంది. ఎక్కడికి వెళ్ళినా ముందు దారానికి కట్టిన ఇనప గుండును వేలాడదీసి, అది ఊగడం ఆగేదాకా మాట్లాడడు. గుండు ఆగాక కాగితం చూశాడు. ఇటుకల వరసలు చూశాడు. ఇవి చాలవన్నాడు.

ఇల్లు కట్టించే యజమాని దానికి ముందే ఆలోచన చేసి ఉంచుకున్నాడు. పునాది ఆరడుగులు తియ్యాల్సిన చోట మూడు తీస్తే సరిపోతుందన్నాడు. పునాది మీద చువ్వలు పరిచి చుట్టూ పోసే కాంక్రీటు బెల్టు మానేద్దామన్నాడు. అలా మిగిలినదంతా ముందు స్తంభాలకు వస్తుందని లెక్క చెప్పాడు.

"మట్టిలోకి తొంగి చూసేదెవరు మేస్త్రీ?" అన్నాడు.

"నేల చూస్తుందయ్యా," అన్నాడు మేస్త్రీ.

ఆ రోజు మాట తెగలేదు. మేస్త్రీ మర్నాడు కూలీలతో వచ్చి ముగ్గు పోసి పునాది గుంట తవ్వడం మొదలుపెట్టాడు. ఎంత లోతన్నది ఇద్దరి మధ్యా అలాగే ఉండిపోయింది.

ఇల్లు కట్టేచోట దిష్టిబొమ్మ కట్టాలి. అది చెయ్యడం భార్య పని. ఆమె మొగుడి పాత చొక్కాలో, ప్యాంటులో వరిగడ్డి కుక్కింది. తలకు నల్లకుండ బోర్లించి, సున్నంతో కళ్ళు దిద్ది, గుబురు మీసం పెట్టింది. దూరం నుంచి చూస్తే మొగుడు కోపంగా నిలబడినట్టుంది. కూలీలు ఆ మాట అనుకుని నవ్వుకున్నారు. వెదురు గడకు కట్టి దాన్ని రోడ్డు వైపు తిప్పి నిలబెట్టారు.

పదకొండో రోజున యజమాని దాని కింద నిలబడి, ఇన్నాళ్ళూ ఏం చూశావని ఊసుపోక అడిగాడు. అలా అడగడం వింత కాదు. జవాబు రావడం వింత. జవాబు వచ్చింది.

"ఎదుటి సింహాలను నాలుగువందల పన్నెండు మంది చూశారు," అంది దిష్టిబొమ్మ. "నన్ను ఇరవై ముగ్గురు చూశారు. నీ పునాది గుంటను ఒక కుక్క చూసింది. అదీ పడుకోవడానికి."

"అయితే?"

"చూపు పడేచోట నాకు పని. చూపు పడని చోట ఇంటికి పని. నీ దగ్గర రెంటికీ సరిపడా ఇటుకలు లేవు."

యజమాని మేస్త్రీ వైపు చూశాడు. మేస్త్రీ ఆశ్చర్యపోలేదు. బొమ్మకు కూలి అక్కర్లేదనీ, అందుకే దానికి యజమానిని సంతోషపెట్టే అవసరం లేదనీ మాత్రం అన్నాడు.

ఆ సాయంత్రం ముగ్గురూ కాగితం ముందు కూర్చున్నారు. భార్య చేతిలో బొగ్గుముక్క ఉంది. మేస్త్రీ ఒక్కొక్క దాని మీదా వేలు పెట్టి, ఇది లేకపోతే ఇల్లు పడిపోతుందా అని అడుగుతాడు. పడిపోదంటే ఆమె కొట్టేస్తుంది. స్తంభాలు పోయాయి. బాల్కనీ పోయింది. నడవడానికే తప్ప ఎందుకూ పనికిరాని వసారా పోయింది. ఇంటికి ఆరు మూలలుండేవి, నాలుగే మిగిలాయి. ఒకే గొట్టంతో సరిపోయేటట్టు స్నానాల గది వంటింటి గోడకు ఆనుకుంది. కూలగొడుతున్న పాత రైసుమిల్లు నుంచి తలుపులు తెచ్చుకోవచ్చని మేస్త్రీ చెప్పాడు. అవి టేకువి, ఇంకో ముప్పై ఏళ్ళు ఉంటాయి. బయటి గోడకు పూత వద్దన్నాడు. కాలిన ఇటుకకు వాన కొత్త కాదన్నాడు. ఇటుకను పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టి, రెండు వరసల మధ్య ఖాళీ వదిలి కడితే నాలుగింట ఒక ఇటుక మిగులుతుందనీ, లోపల చల్లగా కూడా ఉంటుందనీ చెప్పాడు.

వేలు పునాది దగ్గరకు వచ్చింది. ఆమె బొగ్గు కదపలేదు. వేలు బెల్టు దగ్గరకు వచ్చింది. అప్పుడూ కదపలేదు.

లెక్క వేస్తే పన్నెండు వేల ఇటుకలు సరిపోయి రెండు వందలు మిగిలాయి. పునాది ఆరడుగులూ తవ్వారు.

పని నేల మట్టానికి వచ్చేసరికి ఎదురింటాయన రోడ్డు దాటి వచ్చాడు. స్తంభాల కోసం గుంటలు కనబడక చుట్టూ తిరిగి చూశాడు.

"ఏం బావగారూ, ఇల్లనుకున్నాం. ఎరువుల గోడౌనా?" అన్నాడు.

కూలీల్లో ఒకడు నవ్వాడు. యజమాని కూడా నవ్వాడు. కానీ ఆ మాట అతని లోపలికి వెళ్ళి కూర్చుంది. రెండు రోజులు అన్నం తింటూ కూడా దాన్నే నమిలాడు. మనిషి ఆకలికి ఓర్చుకుంటాడు, ఎండకు ఓర్చుకుంటాడు, పక్కవాడి నవ్వుకు ఓర్చుకోలేడు. ఓర్చుకోవడం నేర్చుకోనివాడు ఇల్లు కట్టకూడదు.

మేస్త్రీ పెద్దమ్మ దినానికి మూడు రోజులు తన ఊరు వెళ్ళాడు. బెల్టు కోసం మూడు బస్తాల సిమెంటు విడిగా పెట్టి వెళ్ళాడు. యజమాని బొమ్మలు చేసే పనివాణ్ణి పిలిచి, చిన్నది ఒక్క సింహం చెయ్యమన్నాడు. సింహాలు జంటగా ఉండాలని పనివాడు చెప్పాడు. మొదటిదానికి ఒక బస్తా అయింది.

మేస్త్రీ తిరిగి వచ్చేసరికి గోనెపట్టా కప్పుకుని సింహం ఆరుతోంది. ఆయన పట్టా ఎత్తి చూశాడు. బస్తాలు లెక్కపెట్టాడు. తర్వాత తొట్టి దగ్గరకు వెళ్ళి తాపీ కడుక్కున్నాడు. తాపీ కడగడం పని ముగిసిన సాయంత్రం చేసే పని. అప్పుడు పొద్దున పది గంటలు.

యజమానికి అర్థమైంది. పోయింది ఒక్క బస్తాయేనని బతిమాలాడు. ఉన్నదానితో మూడు మూలల వరకు బెల్టు చక్కగా వస్తుందన్నాడు.

"నాలుగో మూలలో ఎవరు పడుకుంటారో చెప్పండయ్యా. అప్పుడు పోస్తాను," అన్నాడు మేస్త్రీ.

నాలుగో మూలలో పడకగది ఉంది. మేస్త్రీ గుండునూ దారాన్నీ చుట్టి సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

యజమాని మూడు రోజులు వేరే మేస్త్రీల కోసం తిరిగాడు. నలుగురు దొరికారు. బెల్టు లేకపోయినా ఫరవాలేదని నలుగురూ నవ్వుతూ ఒప్పుకున్నారు. ఒక్కడు కూడా అడ్డు చెప్పకపోవడం అతనికి మొదట ఊరటగా ఉంది. నాలుగోవాడు కూడా నవ్వాక భయం వేసింది. అతను ఒక్కరికీ బయానా ఇవ్వకుండా తిరిగి వచ్చాడు.

భార్య సింహం పక్కన కూర్చుని ఉంది. ఒళ్ళో గునపం ఉంది.

"లోపల గచ్చు ఈ ఏడు వద్దండీ. మట్టి దిమ్మిసా కొట్టి అలుక్కుంటాను. ఆ సిమెంటులోంచి ఒక బస్తా బెల్టుకు వస్తుంది," అంది. "గచ్చు వచ్చే ఏడు చేయించుకోగలం. బెల్టు వచ్చే ఏడు వేయించుకోగలమా?"

అతను గునపం అందుకున్నాడు. సింహాన్ని తనే పగలగొట్టాడు. కాళ్ళు, ఒళ్ళు తొందరగానే పగిలాయి. తల దగ్గరే ఆలస్యమైంది. ముక్కలన్నీ ఏరి తట్టల్లో మోసి, ముందుగది నేల నింపే చోట పోశాడు.

మేస్త్రీకి కబురు అందింది. ఆయన వచ్చి ముక్కలు చూశాడు. గుండు వేలాడదీశాడు. అది ఆగింది. బెల్టు నాలుగు మూలలా పోశాడు.

గోడలు లేచాయి. కప్పు పడింది. కప్పు మీద మడులు కట్టి ఇరవై ఒక్క రోజులు నీళ్ళు నిలపాలని మేస్త్రీ చెప్పాడు. కొత్త సిమెంటుకు నీళ్ళు చంటిబిడ్డకు పాల లాంటివనీ, ఈ ఒక్కటీ ఉత్తపుణ్యానికి దొరుకుతుంది గనుకే అందరూ ఎగ్గొడతారనీ అన్నాడు. భార్య ఒక్క పూట తప్పలేదు. ఎదురింటి అరుగు మీంచి చూస్తే ఆమె గోడౌనుకు పూజ చేస్తున్నట్టుండేది.

మృగశిరకు ఆరు రోజుల ముందు వాళ్ళు ఇంట్లోకి వచ్చారు. నలుచదరంగా, ఎర్రగా, మౌనంగా ఉంది ఇల్లు. దారిన పోయేవాళ్ళు ఎవరూ ఆగలేదు.

ఆ ఏడు వానలు గట్టిగా పడ్డాయి. నల్లరేగడి ఉబ్బింది. ఎదురింట్లో కుడివైపు సింహం కాలి దగ్గర మొదలైన బీట మెట్లు దాటి, స్తంభం పక్కగా గోడెక్కి బాల్కనీ దాకా వెళ్ళింది. దాన్లో మొదట కాగితం పట్టేది, తర్వాత పలక పట్టింది. ఇప్పుడు దారిన పోయేవాళ్ళు ఇంకా ఎక్కువసేపు ఆగి చూస్తున్నారు. ఎదురింటాయన అరుగు మీద కూర్చోవడం మానేశాడు.

వాన తెరిపి ఇచ్చిన ఒక ఉదయం ఆయన రోడ్డు దాటి వచ్చాడు. ఎర్ర ఇంటి చుట్టూ తిరిగాడు. నాలుగు గోడలూ తడిమాడు. గీత కూడా లేదు. ఏం చేశారు బావగారూ అని ఈసారి నవ్వకుండా అడిగాడు.

యజమాని ఉన్నదున్నట్టు చెప్పాడు. పునాది లోతు చెప్పాడు, బెల్టు సంగతి చెప్పాడు, నీళ్ళ సంగతి చెప్పాడు. తన సింహం ఇప్పుడు ఎక్కడుందో కూడా సిగ్గుపడకుండా చెప్పాడు. ఎదురింటాయన చివరిదాకా తల ఊపుతూ విన్నాడు. ఆయన కళ్ళు మాత్రం గుమ్మం పక్కన వానకు తడిసిన దిష్టిబొమ్మ మీదే ఉన్నాయి.

"అదంతా సరే. ఆ బొమ్మలో మహిమ ఉంది," అన్నాడు. "మీ ఇల్లు నిలబడింది కదా, మాకిప్పించండి."

యజమాని ఏదో చెప్పబోయాడు. భార్య అప్పటికే గడ ఊడదీస్తోంది.

"తీసుకెళ్ళండి అన్నయ్యగారూ. ఇక్కడ దానికి పని లేదు," అంది.

ఎదురింటాయన దాన్ని బీట పక్కనే, స్తంభానికి కట్టి, ముఖం రోడ్డు వైపు పెట్టాడు. మర్నాడు పొద్దున చూస్తే దాని ముఖం ఇంటి వైపు ఉంది. గాలికి తిరిగిందనుకుని మళ్ళీ రోడ్డు వైపు తిప్పాడు. ఆ మర్నాడు కూడా అది ఇంటినే చూస్తోంది. మూడో రోజు ఆయన చువ్వలు కట్టే తీగ తెచ్చి, తల కదలకుండా బొమ్మను స్తంభానికి బిగించాడు.

నాలుగో రోజు బొమ్మ కదల్లేదు. దాన్ని కట్టిన స్తంభమే ఇంటి వైపు తిరిగింది.