నీరు తాగిన తల్లి

పూర్వం గుండ్లకమ్మ తీరాన మావిళ్ళపాడు అనే పల్లెలో ముప్పన అనే ధర్మపరుడైన కాపు ఉండేవాడు. ఆయన తన ఇద్దరు కోడళ్ళకూ పెరట్లో చెరొక మామిడిచెట్టు అప్పగించి, ఎవరి చెట్టు ముందు కాస్తే వారి చేతిమీదుగానే ఉగాదినాడు గ్రామదేవతకు తొలి పిందెలు సమర్పించాలని నియమం పెట్టాడు. ఏటేటా ఆ గౌరవం పెద్దకోడలు సూరమదే. చిన్నకోడలు అన్నెమ చెట్టు అప్పటికి ఒక్కసారీ పూయలేదు.

ఆ సంవత్సరం శిశిరం వెళ్ళకముందే అన్నెమ చెట్టు ఆకు కనబడకుండా పూసింది. చూసినవారంతా ఆమె చేతిచలువను మెచ్చుకుంటుంటే సూరమకు కడుపు మండిపోయింది. తాను మాత్రం తక్కువ చేసిందా? పాదు తవ్వింది, ఎరువు వేసింది, బిందెలకొద్దీ నీళ్ళు పోసింది. పూతకు ముందు మామిడికి నీళ్ళు మానేసి ఎండగట్టాలని, పూతమీద నీళ్ళు పోస్తే రాలిపోతుందని తెలిసిన సంగతి ఆ మహాతల్లి ఆరాటంలో మరిచిపోయింది. చెట్టు నిండా ఎర్రని చిగుళ్ళే వచ్చాయి, పూత రాలేదు.

అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు ఆ సంగతి. గుర్తొచ్చి ఊరుకుంటే ఈ కథే లేదు. రోజూ తెలతెలవారుతుండగా లేచి, నిండు పూతమీదున్న తోడికోడలి చెట్టుకు పాదు నిండా నీళ్ళు పోయసాగింది. ఒకనాడు అన్నెమ చూడనే చూసింది.

“నా చెట్టుకు కూడా నువ్వే పోస్తున్నావా అక్కా! నీ చెట్టు పూయలేదన్న బాధైనా లేకుండా!” అంది ఆ అమాయకురాలు, కళ్ళనీళ్ళు పెట్టుకుని.

సూరమకు తల తీసేసినట్లయింది. మర్నాటికి ఒక్క కొమ్మ తప్ప పూతంతా జలజలా రాలిపోయింది. “నా చెయ్యే మంచిది కాదక్కా” అని అన్నెమ కూలబడి ఏడుస్తుంటే సూరమ సహించలేక, పాదులోని బురదను చేతులతోనే తోడిపోయడం మొదలుపెట్టింది. వేళ్ళ నడుమ నల్లనిశిల ఒకటి తగిలింది. ఆ శిలనుండి, “ఆ చెట్టుమీది అక్కసు నామీద పొయ్యవే, నేను తాగుతాను” అని వాక్కు వినిపించింది.

సూరమ, “నీ పూత రాల్చింది నేనే చెల్లీ” అని బిందెడు నీళ్ళు శిలమీద కుమ్మరించింది. శిల ఆ నీటినంతా తాగేసింది. అన్నెమ ఆ ఋతువంతా ఆమెతో మాటాడలేదు. అయినా రాలగా మిగిలిన ఒక్క కొమ్మ కాసినప్పుడు, ఉగాదినాడు పళ్ళెం ఒకవైపు తాను పట్టుకుని, “రెండోవైపు పట్టుకో అక్కా” అని పిలిచింది.

నీరు తాగిన తల్లిగా వెలసిన ఆ దేవతకు నేటికీ ఫాల్గుణంలో ఆడవారు బిందెలతో నీళ్ళు పోస్తారు. ఎన్ని పోసినా శిల చుట్టూ బురద కట్టదు. అత్తలూ కోడళ్ళూ, అక్కలూ చెల్లెళ్ళూ ఒకే వరుసలో నిలబడతారు. ఎవరిని తలచుకుని పోశావని మాత్రం అక్కడ ఎవరూ ఎవరినీ అడగరు.