ఓబన్న కొట్టని దెబ్బ

ఆచార్య నరహరిగారికి ఒక అలవాటు ఉండేది. భూగర్భ చిత్రం ఏదైనా సంతకానికి వస్తే, అందులో గీసిన చోటికి వీలైనంత దగ్గరగా స్వయంగా దిగి, కాసేపు నిలబడి వచ్చిన తరువాతే కలం తీసేవారు. అరవై ఏడేళ్ల వయసులో మోకాళ్లకు పట్టీలు కట్టుకుని గనిలోకి దిగే ఆ పెద్దమనిషిని చూసి, శిష్యులమైన మేము చాటుగా నవ్వుకున్న రోజులున్నాయి. మాలో ఒకరైన ఇందుమతి విషయం జరిగాక నవ్వలేదు.

నేలమీద కంపనాలు పుట్టించి, లోతైన శిలలను తాకి తిరిగివచ్చే ప్రతిధ్వనులను జియోఫోన్లతో పట్టుకుని, కిలోమీటర్ల లోతున రాళ్లు ఎలా అమరి ఉన్నాయో మూడు కొలతల్లో చిత్రించడం మా పని. రాయలసీమలో ఒక పాత బంగారు గనివారు మమ్మల్ని పిలిపించారు. వారు తవ్వబోయే కొత్త సొరంగం దారిలో నీరు నిండిన పగులు ఉందేమో చెప్పాలి. నిలువు వరుసలుగా, అడ్డు వరుసలుగా రెండు వేల జియోఫోన్లు పరిచాము. వాటిలో సొరంగం వెంట వెళ్లే ఒక్క వరుస లెక్క మాత్రమే అప్పటికి పూర్తయింది. తక్కినవి తేలడానికి ఆరు వారాలు పడుతుంది. ఆ ఒక్క వరుసలోనే పగులు సొరంగానికి ఎదురుగా, గీత గీసినట్టు కనిపించింది. కనుక సొరంగాన్ని దక్షిణానికి తిప్పితే క్షేమమని ఇందుమతి నివేదిక రాసింది. ఆమె సంతకం చేస్తే, మరునాడు పొద్దుటి షిఫ్టులో పదకొండు మంది అటువైపు తవ్వడం మొదలుపెడతారు.

"మాస్టారూ, చిత్రం స్పష్టంగానే ఉంది. అయినా పేరు రాయబోతే చెయ్యి వణుకుతోంది. ఈ వణుకు ఎన్నేళ్లకు పోతుంది?" అని ఆమె అడిగింది.

ఆయన మోకాళ్లకు పట్టీలు బిగించుకున్నారు. "టోపీ పెట్టుకో అమ్మా" అన్నారు.

ఏడువందల మీటర్ల కింద గాలి ఉడుకుతోంది. ముందు మేస్త్రి ఓబన్న నడిచాడు. పది అడుగులకొకసారి ఆగి, గడ్డపారతో పైకప్పును తట్టి వినేవాడు. రాయి కంచులా మోగితే నడిచేవాడు, బోలుగా పలికితే నిలిచేవాడు. సొరంగం దక్షిణానికి తిరగవలసిన మూల ఇంకా ముప్పై అడుగులుందనగా ఆచార్యులవారు ఆగమన్నారు.

"దీపాలు ఆర్పండి. ఇందుమతీ, ఒక చెవి రాతికి ఆనించు, రెండోది అరచేత్తో మూసుకో. ఓబన్నా, నీకు నచ్చిన చోట కొట్టు."

చీకటి మీద పడింది. అడుగుల చప్పుడు దూరమైంది. ఠంగుమని ఒక దెబ్బ వినిపించింది.

"ఎదురుగా మాస్టారూ. పదిహేను అడుగులు ఉంటుంది."

దీపం వెలిగింది. ఓబన్న ఆమెకు పక్కగా, గోడలోకి లోతుగా తొలిచిన గూటిలో నిలబడి నవ్వుతున్నాడు. "పదిహేనే తల్లీ, సరిగ్గా జెప్పినావు. సదువుకున్నోళ్ల చెవికి పక్కన ఉండేది గూడా ఎదురుగానే ఇనబడతాదేమో!"

"ఒక్క చెవికి దూరమే తెలుస్తుంది, దిక్కు తెలియదు" అన్నారు ఆచార్యులవారు. "ఈసారి నేను వెళ్లి ఆ మూల దగ్గర వింటాను. ఇద్దరం పోల్చుకుందాం."

మళ్లీ చీకటి. ఆయన పట్టీల మోకాళ్లు మెల్లమెల్లగా మూల చేరుకోవడం ఆమెకు వినిపించింది. తరువాత నిశ్శబ్దం. అప్పుడు ఒక దెబ్బ పడింది. పొడిగా, కుదించినట్టుగా, రాతి లోపలినుంచి.

"నాకు మెల్లగా వినిపించింది మాస్టారూ!"

"నాకు చాలా గట్టిగా" అని మూల నుంచి సమాధానం వచ్చింది. "దక్షిణం గోడలోంచి."

ఓబన్న గొంతు ఆమె వెనకనుంచి, చాలా చిన్నగా పలికింది. "సామీ, నేనింగా కొట్టనేలేదు."

ఎవరూ దీపం వెలిగించలేదు. వెలిగిస్తే ఏం కనబడుతుందోనన్న భయం ముగ్గురినీ పట్టుకుంది. రెండోసారి వినిపించినది దెబ్బ కాదు, రాయి చీలుతున్న చప్పుడు. ఇందుమతి మెడమీద సన్నని రాతిపొడి రాలింది. ఆమె దీపం వెలిగించి, "ఇటు వచ్చేయండి మాస్టారూ" అని అరవబోయి గొంతు తగ్గించింది. ముప్పై అడుగులు ఆ మోకాళ్లతో ఆయన పరుగెత్తలేరు, నడిచి రావాలి. ఆ నడక సాగినంతసేపూ ఆమె ఊపిరి తీసుకోలేదని తరువాత మాతో చెప్పింది.

పైకి వచ్చాక ఆమె నివేదిక కొట్టివేసి, అడ్డు వరుసల లెక్క తేలేవరకు దక్షిణం వైపు ఎవరూ అడుగు పెట్టరాదని రాసింది. గని మేనేజరు ఫోనులో, "ఒక చప్పుడుకు జడిసి ఆరు వారాలు పని ఆపమంటారా అమ్మా? గనిలో చప్పుళ్లు కాక సంగీతం వినిపిస్తుందా?" అని వెటకారం చేశాడు. "ఆపండి" అని మాత్రమే అంది ఇందుమతి.

ఆరు వారాలకు పూర్తి చిత్రం వచ్చింది. పగులు ఆమె మొదట చెప్పినంత దూరంలోనే ఉంది. ఎదురుగా కాదు, దక్షిణాన ఉంది.

చిత్రం ఆయన ముందు పరిచి, "నా ప్రశ్నకు మీరింకా జవాబు చెప్పలేదు మాస్టారూ" అంది ఇందుమతి.

ఆచార్యులవారు బీరువా తెరిచారు. అట్టడుగున మడతపెట్టి ఉన్న ఒక పాత పటం తీసి, ఆమె చేతికిచ్చారు. పసుపుబారిన ఆ కాగితం మీద ఒకే ఒక వరుస, దాని కింద ఆయన యౌవనంలోని సంతకం. గని పేరున్న చోట సిరా అలుక్కుపోయి ఉంది.

"ఆ అక్షరాలు ఎంత కుదురుగా ఉన్నాయో చూడమ్మా" అన్నారాయన. "ఆ రోజు నా చెయ్యి వణకలేదు."