పొయ్యి ఆర్పమన్న రాజుగారు

కొండలను ఆనుకుని ఒకానొక రాజ్యం ఉండేది. దాన్ని ఏలే మహీధర భూపతి పొగడ్త అంటే చెవి కోసుకునేవాడు. ఆయన కొలువులో కొమ్మన అనే హాస్యగాడు ఉండేవాడు. నలుగురినీ నవ్వించడమే అతని కొలువు. ఆ ఏడు మాత్రం అతనికే నవ్వు రాకుండా పోయింది.

ఎందుకో చెబుతాను. ఆ కొండల కింద పల్లెల్లో ఎండలు ముదరకముందే పడమటి గాలి మొదలవుతుంది. పొద్దున్నే ఎక్కడా ఆకు కదలదు. ఎండెక్కేసరికి కొండ దిగివచ్చి మీద పడుతుంది. ఇళ్ళన్నీ తాటాకు ఇళ్ళు, కొండ నిండా ఎండిన గడ్డి. అందుకని గాలి లేవబోయే వేళకు కోట దగ్గరి పల్లెలో కాటయ్య అనే చాటింపరి డప్పు కొట్టుకుంటూ వీధులన్నీ తిరిగేవాడు. "గాలి లేస్తోంది, పొయ్యిలార్పండహో" అనేవాడు. ఆ కేక వినబడితే చాలు, అన్నం సగం ఉడికినా సరే, ఆడవాళ్ళు పొయ్యిలో నీళ్ళు చల్లేసేవారు. తాతల నాటి నుంచీ అదే పద్ధతి.

ఆ ఉగాదినాడు కొలువులో పంచాంగ శ్రవణం జరిగింది. ఆస్థాన సిద్ధాంతి లింగావధాని గొంతు సవరించుకుని, ఈ సంవత్సరం ఎండలు స్వల్పమనీ, మహీధర భూపతి ప్రతాపానికి జడిసి గాలి కూడా పిల్లగాలిగానే వీస్తుందనీ చదివాడు. రాజు మురిసిపోయి ఆయనకు శాలువా కప్పాడు.

మర్నాడే కాటయ్య కేక కోట దాకా వినబడింది. రాజుకు తల కొట్టేసినట్టయింది. పిల్లగాలి అని తన కొలువులో చదివాక, గాలి లేస్తోందని అరిచేందుకు వాడెవడన్నాడు. ఇకమీదట చాటింపు వేస్తే దండన తప్పదన్నాడు. కాటయ్య డప్పు తీసి చూరుకు తగిలించాడు.

తరవాత ఒక మధ్యాహ్నం పడమటి వీధిలో ఎవరింటి పొయ్యిలోంచో ఒక రవ్వ లేచింది. గడ్డివామి అంటుకుంది. వామి నుంచి చూర్లకు, చూర్ల నుంచి కొండకు పాకింది. కొండంతా మండుతుంటే పట్టపగలే పొగతో చీకటి పడింది. మేకల తాళ్ళు విప్పుతానని పాకలోకి వెళ్ళిన కాటయ్య భార్య గురవమ్మ తిరిగి రాలేదు. మేకలు వచ్చాయి.

కొమ్మన పరామర్శకు వెళితే కాటయ్య మసిబారిన రాటకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. డప్పు ఇంకా చూరునే ఉందా అని అడగబోయి కొమ్మన నాలిక కరుచుకున్నాడు. చూరే లేదు.

"నాకు గాలి వాసన తెలిసింది బాబూ," అన్నాడు కాటయ్య. "చేతులు కట్టుకు కూర్చున్నాను. తూరుపు వీధైనా మిగిలింది. అసలు గాలి ఇంకా ముందుంది. వాళ్ళకెవరు చెబుతారు?"

కొమ్మన ఆ మాటే రాజుకు విన్నవించాడు. లింగావధాని అది ఊరివాళ్ళ కర్మ అన్నాడు. రాజు కాసేపు కిటికీలోంచి కొండవైపు చూసి, "కొలువులో చదివించిన పంచాంగాన్ని నేనే కాదంటే రేపు నా మాట ఎవడు వింటాడు?" అన్నాడు. అడిగి లాభం లేదని కొమ్మనకు అర్థమైంది.

కొన్నాళ్ళాగి అతను నవ్వుముఖం పెట్టుకుని కొలువుకు వచ్చాడు. పిల్లగాలి వీయించిన ప్రభువుకు తూరుపు వీధి జనం విందు చేయాలనుకుంటున్నారని చెప్పాడు. రాజు పొంగిపోయి ఒప్పుకున్నాడు. సిద్ధాంతిని కూడా పల్లకిలో రమ్మన్నాడు.

వీధి మధ్య ఎండు తాటాకులతో పందిరి వేశారు. రాజు, సిద్ధాంతి దాని కింద కూర్చున్నారు. ఎండెక్కింది. మొదట ధూళి లేచింది. తరవాత రాజుగారి గొడుగు పువ్వులా వెనక్కి విచ్చుకుంది. లింగావధాని శాలువా ఎగిరివెళ్ళి కంపమీద పడింది. పందిరి ఆకులు గలగలలాడాయి.

సరిగ్గా అప్పుడు కొమ్మన నిప్పులు తెచ్చే కుండ ఒకటి మూత పెట్టి పట్టుకుని వచ్చాడు. పందిరి కిందే మూడు రాళ్ళు పేర్చి, ఎండుపుల్లలు వేసి, కుండ పక్కన కూర్చుని విసనకర్ర అందుకున్నాడు.

"ఏమిట్రా ఆ పని?" అన్నాడు రాజు.

"ప్రభువులకు వేడివేడిగా వడ్డిద్దామని."

"ఈ గాలిలోనా? పైన ఎండుటాకు, పక్కన ఎండుగడ్డి. మతి పోయిందా నీకు?"

"పిల్లగాలే కదా ప్రభూ, సిద్ధాంతిగారు చదివారు," అంటూ కొమ్మన మూత మీద చెయ్యి వేశాడు.

లింగావధాని అప్పటికే పందిరి బయట ఉన్నాడు. రాజు చటుక్కున లేచి నిలబడ్డాడు. "ఆర్పెయ్ ముందు! వీధిలో ఏ పొయ్యి వెలుగుతున్నా ఆర్పెయ్యమను!"

కొమ్మన విసనకర్ర కింద పెట్టి, వెనక నిలబడిన కాటయ్య వైపు తిరిగాడు. "ప్రభువుల నోటి మాట విన్నావుగా. అక్షరం పోకుండా చాటు."

రాజు ముఖం ఎర్రబడింది. భటులు నేల చూపులు చూశారు. అంతలోనే ఆయనకు నవ్వు ఆగలేదు. "నా నోటితోనే చాటింపు వేయించావు కదరా," అని మెడలోని ముత్యాలసరం తీసి కొమ్మన మెడలో వేశాడు. "సరే, ముందు ఆ నిప్పులు ఆర్పు."

కొమ్మన మూత తీశాడు. లోపల చల్లటి బూడిద.

"ఇది ఎప్పుడో ఆరిపోయింది ప్రభూ. కాటయ్య ఇంటిది."

రాజు నవ్వు ఆగిపోయింది. ఆయన ఆ కుండలోకి చూశాడు, కాటయ్యను చూశాడు. నీకేం కావాలో కోరుకోమని అతనితో అన్నాడు.

కాటయ్య చేతులు జోడించాడు. "ఒక్క మాట చెప్పండి దొరా. రేపటి నుంచి చాటింపు వెయ్యాలంటే సిద్ధాంతిగారు చెప్పాలా, గాలి చెబితే సరిపోతుందా?"

"గాలి చెబితే చాలు," అన్నాడు రాజు. ఆ గొంతులో కొలువునాటి డాబు లేదు.

ఎవరో పాత డప్పు తెచ్చి ఇచ్చారు. దాని చర్మం బిగియడానికి మంట మీద కాచే పని లేకపోయింది, ఎండే కాచింది. కాటయ్య తూరుపు వీధి పొడుగునా కొట్టుకుంటూ వెళ్ళాడు. ఇంటింటా పొయ్యిల మీద నీళ్ళు చుయ్యిమన్నాయి. మెడలో సరం బరువుగా వేలాడుతుంటే కొమ్మన అతని వెంటే నడిచాడు.

వీధి అయిపోయింది. అయినా కాటయ్య ఆగలేదు. ఇళ్ళు లేని పడమటి వీధిలోకి నడిచి, ఒక నల్లటి రాట ముందు నిలబడి, డప్పు మరింత గట్టిగా కొట్టాడు.

"గాలి లేస్తోంది, పొయ్యిలార్పండహో."

అక్కడ ఆర్పేవాళ్ళు ఎవరూ లేరు. కొమ్మన అతని కేక పూర్తయ్యేదాకా పక్కనే నిలబడ్డాడు.