చెరువు చుట్టూ జంబులయ్య దారి

మనుషులు సైకిళ్ళను అటకెక్కించి మోటారు బళ్ళ మీద పడ్డాక, ఆ సైకిళ్ళన్నిటినీ జంతువులు దించుకుని, దుమ్ము తుడిచి, గొలుసులకు నూనె పెట్టి తొక్కడం మొదలుపెట్టాయి. నమ్మకపోతే మానెయ్యండి, నాకేం నష్టం లేదు. కోడి తన పిల్లల్ని ముందు బుట్టలో కూచోబెట్టుకుని సంతకు పోయేది. కోతులు చేతులు వదిలేసి తొక్కి నడ్డి విరగ్గొట్టుకునేవి. ఇక దూరప్రయాణాలు చేసేవాళ్ళయితే చెంగల్వపట్నం మీదుగా పోవలసిందే, ఎందుకంటే పెద్దేటి రేవుకు దారి ఆ ఊళ్ళోంచే ఉంది.

చెంగల్వపట్నం అంటే చెరువే. ఊరి నడిమధ్యన అంత పెద్ద చెరువు, దాని చుట్టూ గుండ్రంగా తారురోడ్డు, రోడ్డుకు అవతల మేడలు, మేడల మధ్య ఎన్నని చెప్పను, సందులే సందులు. చలికాలంలో చూడాలి ఆ ఊరి సోకు. రోహిణి కార్తెలో మాత్రం పొద్దు కాస్త పైకొచ్చేసరికి ఊరంతా తలుపులు బిగించుకుని పడుకునేది. అప్పుడు తెరిచి ఉండే కొట్టు ఒక్కటే. రోడ్డు ఊళ్ళోకి తిరిగేచోట, తాటాకు పందిరి కింద, జంబులయ్య అనే నక్క నడిపే షర్బత్ కొట్టు.

అలాంటి ఓ రోహిణి ఎండలో కస్తూరమ్మ అనే గేదె సైకిలు తొక్కుకుంటూ ఆ ఊళ్ళోకి దిగింది.

కస్తూరమ్మ ఆషామాషీ గేదె కాదు. కొండదారులు తొక్కి ఎక్కింది, ఇసకదారుల్లో సైకిలు నడిపించుకుంటూ పోయింది, ఎక్కడా ఎవరి చేతా అయ్యో పాపం అనిపించుకోలేదు. గేదెకు సైకిలేమిటని నవ్వినవాళ్ళ ముందునుంచే గంట కొట్టుకుంటూ పోయేది. ఈసారి మాత్రం సరదా ప్రయాణం కాదు. ఏటికి అవతల ఉన్న కూతురు చుక్కమ్మకు తొలిచూలు. ఇవాళో రేపో ఈనేట్టుందనీ, అమ్మ పక్కనుంటే బాగుండునని ఒకటే బెంగ పెట్టుకుందనీ కబురొచ్చింది. తొలి ఈత ఎంత కష్టమో కస్తూరమ్మకు తెలుసు. తను ఈనినప్పుడు దగ్గర ఎవ్వరూ లేరు, ఆ భయం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. బిడ్డకు ఆ గతి పట్టకూడదనుకుంది.

అయితే ఏరు పొంగే రోజులు దగ్గర పడ్డాయి. సైకిళ్ళనూ బళ్ళనూ ఎక్కించుకుని ఏరు దాటించే బల్లకట్టు ఇవాళ పొద్దుగూకే వేళకు ఆఖరిసారి కదులుతుంది. ఆ తర్వాత దసరా దాకా కదలదు. ఎక్కడో ఎగువన ఒక వంతెన ఉంది గానీ, అటు తిరిగొస్తే వారం పడుతుంది. అప్పటికి చుక్కమ్మ పడాల్సిన కష్టమంతా పడిపోయి ఉంటుంది.

చెరువు కనపడగానే కస్తూరమ్మకు ప్రాణం లాగేసింది. గేదె పుట్టుక పుట్టాక ఆ మాత్రం ఉండదా మరి? కానీ తన సంగతి తనకు తెలుసు. ఒకసారి దిగిందంటే ముక్కొక్కటీ బయటపెట్టి, చీకటి పడేదాకా లేవదు. అందుకని మొహం తిప్పుకుని జంబులయ్య పందిరి కింద సైకిలు ఆపింది.

జంబులయ్య ఎదురొచ్చి, రా అక్కయ్యా అని పీట వేసి, విసనకర్ర చేతికిచ్చి, కుండలోంచి చల్లటి మజ్జిగ ముంచబోయాడు. కస్తూరమ్మ వాడివంక ఒక్క చూపు చూసింది. గేదెకే మజ్జిగ అమ్మబోతున్నానని అప్పుడు తట్టింది మహానుభావుడికి. నాలిక్కరుచుకుని, ఐసు దంచి వేసి నన్నారి షర్బత్ కలిపిచ్చాడు. ఆ ఊళ్ళో బేరాలన్నీ సరుక్కి సరుకే కాబట్టి, కూతురి కోసం కస్తూరమ్మ మోసుకుపోతున్న తెలగపిండిలోంచి గుప్పెడు పుచ్చుకున్నాడు. రేవుకు దారెటు అని ఆమె అడిగింది.

"దారికేముంది అక్కయ్యా, కళ్ళు మూసుకుని పోవచ్చు," అన్నాడు జంబులయ్య. "చెరువును కుడిచేతి పక్కనే ఉంచుకుని తొక్కు. పొరపాటున కూడా సందుల్లోకి తిరగొద్దు, అవన్నీ మూసుకుపోయినవే. చెరువు అయిపోగానే రేవే."

ఇంత తేలికా అని కస్తూరమ్మ సంబరపడింది. చెరువు పక్కన పొమ్మంటే గేదె కాదంటుందా?

ఎండ మాత్రం చంపేసింది. తారు కరిగి చక్రాలకు జిగురులా పట్టుకుంటోంది. సీటు మీద కూచుంటే పెనం మీద కూచున్నట్టుంది. వడగాలి ఎదురుకొడుతుంటే తల వంచుకుని, కుడిచేతి పక్క చెరువు వంక చూడకుండా చూస్తూ, ఆమె తొక్కుతూనే ఉంది. చుక్కమ్మ దగ్గరకు చేరగానే ముందు ఏం చెయ్యాలో, తర్వాత ఏం చెయ్యాలో మనసులో అనుకుంటూ పోతోంది. అలా చాలా దూరం పోయాక, ఒక గానుగచెట్టు కింద సైకిలు పడేసి, నాలుక బయటపెట్టి రొప్పుతున్న పొట్టేలు కనపడింది. పేరు సాంబన్న. తనూ రేవుకేనన్నాడు. కొమ్ములు చూస్తే ఘనంగా ఉన్నాయి గానీ మనిషి వట్టి అమాయకుడు, మనిషని అనకూడదనుకోండి.

"ఎంత పెద్ద ఊరు పిన్నీ ఇది," అన్నాడు సాంబన్న. "పొద్దుణ్ణించీ తొక్కుతున్నా చెరువు అయిపోవడంలేదు. ఆ జంబులయ్య అదృష్టమే అదృష్టం, దారి పొడుగునా ఆయనవే కొట్లు. అన్నిట్లోనూ షర్బత్ తాగాను. ఏ కొట్టుకెళ్ళినా నాకంటే ముందే వచ్చి ఆయనే కూచుని ఉన్నాడు. ఎంత కష్టజీవో చూడు."

కస్తూరమ్మ సైకిలు దిగింది. వంగి రోడ్డు వంక చూసింది. కరిగిన తారులో సాంబన్న చక్రాల అచ్చు స్పష్టంగా ఉంది, ఒకటి కాదు, పక్కపక్కనే బోలెడు వరసలు, అన్నీ ఒకే వైపుకు. వాటి కింద ఇంకా ఎవరెవరివో పాత అచ్చులు. గుండ్రటి చెరువును కుడిచేతి పక్కన పెట్టుకుని తొక్కితే అది ఈ జన్మకు అయిపోతుందా? తిరిగి తిరిగి, నోరెండి, మళ్ళీ జంబులయ్య పందిరి కిందకే రావాలి. మళ్ళీ షర్బత్ తాగాలి. మళ్ళీ ఆ దారినే పోవాలి.

అప్పటికే పొద్దు వాలడం మొదలైంది.

సంగతి విడమరిచి చెబితే సాంబన్న ముందు నమ్మలేదు. ఎన్ని షర్బత్‌లు తాగాడో గుర్తుచేసుకున్నాక కళ్ళెర్రబడ్డాయి. పోయి కొమ్ముల్తో ఆ పందిరి కూల్చేస్తానని లేచాడు. పందిరి కూల్చితే దారి తెలుస్తుందా అని కస్తూరమ్మ అడిగింది. బెదిరించినా, బతిమాలినా జంబులయ్య మళ్ళీ అబద్ధమే చెబుతాడు, వాడి నోటికి అలవాటైపోయింది. ఊరు చూస్తే నిద్రపోతోంది. సందులన్నీ వెతికే పొద్దు లేదు.

"నోరు చెప్పకపోతే పోనీ," అంది కస్తూరమ్మ. "వాడి కాళ్ళు చెబుతాయి. పద."

ఇద్దరూ మిగతా సగం చుట్టు తొక్కి పందిరి దగ్గరకొచ్చారు. సాంబన్నను చెట్టు చాటున ఆగమని, కస్తూరమ్మ ఒక్కతే ముందుకు పోయింది. జంబులయ్య మొహాన జాలి పులుముకుని, అయ్యో అక్కయ్యా, ఏ సందులోకైనా తిరిగావా ఏమిటి అన్నాడు. ఆమె ఒక్క మాట కూడా తూలలేదు. ఇంకో షర్బత్ పోయించుకుంది, ఇంకో గుప్పెడు తెలగపిండి ఇచ్చింది.

"ఇవాళ బల్లకట్టు ఆఖరి రోజు జంబులయ్యా," అంది తాగుతూ. "ఏరు దాటాల్సినవాళ్ళంతా రేవులోనే పడిగాపులు పడి ఉంటారు. అక్కడ చెట్టు లేదట, నీడ లేదట. కొత్త నీరు కలిసి ఏరు బురదైపోయిందట, గుక్కెడు తాగేందుకు లేదు. వాళ్ళ అవస్థ తలుచుకుంటుంటే నాకీ చల్లటి షర్బత్ గొంతు దిగడంలేదు."

ఇందులో ఒక్క ముక్క కూడా అబద్ధం లేదు. చుక్కమ్మ పంపిన కబురులో ఉన్నదే చెప్పింది.

జంబులయ్య చెవులు రెండూ నిటారుగా లేచాయి. అంతమంది, అంత దాహం, అక్కడ ఇంకో కొట్టు లేదు. కాసేపు అటూ ఇటూ తిరిగి, మేనత్తకు ఒంట్లో బాగాలేదని ఇప్పుడే గుర్తొచ్చిందన్నాడు. మేనత్తకు ఇంత ఐసు దేనికో మరి, ఐసుదిమ్మెలన్నీ గోనెసంచుల్లో చుట్టి, షర్బత్ సీసాలతో సహా మూడు చక్రాల బండికెత్తాడు. నువ్వు మాత్రం చెరువు పక్కనుంచే పో అక్కయ్యా అని మరీమరీ చెప్పాడు. చెప్పి, పందిరి వెనకే ఉన్న ఇరుకు సందులోకి బండి తిప్పి దూసుకుపోయాడు.

ఆ సందు ముందునుంచే సాంబన్న ఎన్నిసార్లు పోయాడో. మూసుకుపోయిందనుకున్నాడు పాపం.

కస్తూరమ్మ, సాంబన్న వెంటబడ్డారు. మరీ దగ్గరగా పోతే వాడు పసిగడతాడు, మరీ వెనకబడితే సందుల్లో మాయమవుతాడు. అయితే గోనెల్లోంచి ఐసు కరిగి బొట్టుబొట్టుగా కారుతోంది. రోడ్డు మీద తడిచుక్కల వరస పడుతోంది. ఆ ఎండకు చుక్క పడీపడగానే ఆరిపోతోంది కూడా. ఒక నాలుగురోడ్ల కూడలికి వచ్చేసరికి వరస తెగిపోయింది. ఇక్కడిదాకా వచ్చి దారి తప్పితే చుక్కమ్మకు ఏ మొహం చూపించాలి? నాలుగువైపులా పరికించి చూస్తే, ఎడమ సందు మొదట్లో గోడనీడన ఒకే ఒక్క చుక్క ఇంకా తడిగా ఉంది. ఆమె ఆగకుండా అటు తిప్పి, ఒంట్లో ఉన్న బలమంతా పెడల్ మీద పెట్టింది. సందు దాటగానే పల్లం, పల్లం కింద ఎర్రగా పెద్దేరు, రేవులో బల్లకట్టు. చూడగానే ఆమె కళ్ళు తిరిగినంత పనైంది, ఎండకు కాదు, సంతోషానికి.

జనమంతా అప్పటికే బల్లకట్టెక్కి ఎండలో మాడుతున్నారు. జంబులయ్య బండిని సరాసరి దాని మీదకే ఎక్కించి బేరం మొదలుపెట్టాడు. ఐసు దంచడమే ఆలస్యం, బండిలో సజ్జలు, జొన్నలు, చిక్కుడుకాయలు, ఎవరిదగ్గర ఏముంటే అవి వచ్చి పడుతున్నాయి. కస్తూరమ్మ, సాంబన్న కూడా ఎక్కి సైకిళ్ళు కమ్మీకి కట్టుకున్నారు. బల్లకట్టు నడిపే సరంగు ఒక నీటికుక్క. ఈల వేసి, తాళ్ళు విప్పడానికి వంగాడు.

జంబులయ్యకు ఏమీ చెప్పకుండా అలాగే వదిలెయ్యి పిన్నీ అన్నాడు సాంబన్న. కస్తూరమ్మకు మనసొప్పలేదు. జంబులయ్య దగ్గరకు పోయి భుజం తట్టింది.

"దిగిపో జంబులయ్యా. కట్లు విప్పుతున్నారు. బల్లకట్టును అవతలొడ్డుకు తీసుకుపోయి అక్కడే లాగి పెట్టేస్తారు, దసరా దాకా ఇటు రాదు."

జంబులయ్య ఆమెను చూసి ఉలిక్కిపడ్డాడు. ఆమె తన వెంటబడి వచ్చిందని అర్థమైంది. వెంటనే ముసిముసిగా నవ్వాడు.

"నన్ను దింపేసి, మిగిలిన ఐసు నువ్వు అమ్ముకుందామనా అక్కయ్యా? సరంగు రాత్రికి ఇటే తెచ్చి కట్టుకుంటాడు. ఈ కబుర్లు నా దగ్గరా చెప్పేది?"

ఆమె ఇంకోసారి చెప్పింది. వాడు వీపు తిప్పుకుని ఐసు దంచుకున్నాడు. తలెత్తి చూసేసరికి ఒడ్డు దూరమైపోయింది, చుట్టూ సుళ్ళు తిరిగే ఎర్రనీళ్ళు. అప్పుడు ఎంత గోల పెట్టాడని. సరంగు వినిపించుకోలేదు. వాడి ఇల్లూ పెళ్ళాంపిల్లలూ అవతలొడ్డునే ఉన్నారు మరి, బల్లకట్టు ఇవతల కట్టుకోవడం దేనికి?

ఒడ్డు చేరేసరికి ఆకాశం నల్లబడి చల్లగాలి మొదలైంది. తొలకరి చినుకులు పడ్డాయి. ఆ చలికి షర్బత్ అడిగే నాథుడే లేడు. జనం ఎవరి దారిన వాళ్ళు పోతుంటే, జంబులయ్య తడిసిన తోకతో వచ్చి, ఊరికి తిరిగి పోయే దారేమైనా ఉందా అక్కయ్యా అన్నాడు. వాడి బతుకులో ఒకరిని దారి అడగడం అదే మొదలు.

"ఉంది," అంది కస్తూరమ్మ. "గట్టు పట్టుకుని ఎగువకు పో. వారం తొక్కితే వంతెన వస్తుంది."

చెప్పేసి ఆమె సైకిలెక్కింది. ఆగే తీరిక లేదు. చుక్కమ్మ పాక చేరేసరికి నొప్పులు మొదలయ్యాయి. అమ్మను చూడగానే ఆ పిల్ల భయమంతా దిగిపోయి, మెడ మీద తల ఆనించి ఏడ్చేసింది. కస్తూరమ్మ కూతురి వీపు నాకుతూ పక్కనే నిలబడింది. దూడ సుఖంగా నేల మీద పడింది. ఆడదూడ, మంచి నలుపు.

జంబులయ్య గట్టు మీద నిలబడి చాలాసేపు ఆలోచించాడు. అంత మోసం చేశాక ఆమె నిజమెందుకు చెబుతుంది, తనైతే చెబుతాడా? ఎగువన అని చెప్పిందంటే వంతెన దిగువనే ఉండి ఉంటుందని తేల్చుకున్నాడు. తన తెలివికి తనే మురిసిపోయి, బండి దిగువకు తిప్పి గబగబా తొక్కుకుంటూ పోయాడు. దిగువన వంతెన లేదు, సముద్రం ఉంది.

దారి అడిగినవాళ్ళను తప్పుదోవ పట్టించి బతికేవాడు, తనకు ఎవరైనా సరైన దారి చెప్పినా నమ్మలేడు.