చెమ్మ చెప్పని చేతులు

"ఈ రేవులో మీ పాత మర్యాద ఒక్కటి కూడా మారదు. మనమంతా ఒకే కుటుంబం."

పిల్లలూ, పెద్దలూ, ఈ మాట గుర్తుపెట్టుకోండి. చెప్పినవాడు ఎప్పుడో మరిచిపోయాడు.

అనగనగా, ఏరే బాటగా, పడవలే బండ్లుగా బతికిన ఒక రాజ్యం. ఆ రాజ్యంలో ముత్యాలరేవు. ఆ రేవులో పడవలు కట్టే పనివాళ్లు నలభైమంది.

పడవ కట్టడం అంటే పలకలు బిగించడం ఒక్కటే కాదు. పలకకూ పలకకూ నడుమ సందు ఉంటుంది. ఆ సందులో కొబ్బరిపీచు కూరాలి. దాని మీద నూనెతో కాచిన గుగ్గిలం పొయ్యాలి. ఆ అతుకులో వెంట్రుకవాసి సందు మిగిలినా ఏరు ఊరుకోదు.

అందుకే ఆ రేవులో ఒక మర్యాద ఉండేది. పడవ పూర్తికాగానే దుంగల మీదికి ఎత్తి, లోపల నిండా నీళ్లు నింపేవాళ్లు. ఒకరి అతుకును ఇంకొకరు చూడాలి. పడవ కిందికి పాకి, అతుకు పొడుగునా అరచేత్తో నిమరాలి. చేతికి తడి తగిలితే "చెమ్మ!" అని కేక వెయ్యాలి. అతుకు వేసినవాడు పరుగున వచ్చి, కేక వేసినవాడి నోట్లో బెల్లంముక్క పెట్టాలి. "నీ చెయ్యి చల్లగుండ, ఒక ప్రాణం నిలబెట్టావు" అనాలి.

తప్పు చూపినవాడికి తీపి. తప్పు చేసినవాడికి సిగ్గు లేదు. అందుకే ముత్యాలరేవు పడవ మునిగిందన్న మాట మూడు తరాలుగా ఎవరూ వినలేదు.

ఆ పనివాళ్లలో నూకాలు, ఎర్రయ్య పన్నెండేళ్లుగా పక్కపక్కనే కూర్చున్నారు. ఒకే తల్లికి పుట్టలేదు గానీ అన్నాచెల్లెళ్లు అనే పిలుచుకునేవాళ్లు. అతని అతుకు ఆమె చూసేది. ఆమె అతుకు అతను చూసేవాడు.

"ఎర్రన్నా, నీ అతుకు చెమటలు కక్కుతోంది. పొద్దున మా వదిన అంబలి పొయ్యలేదా?"

"పోసిందిలేవే తల్లీ. ఇదిగో బెల్లం, తిని నోరు మూసుకో!"

ఆ నవ్వులకు దుంగల మీది కాకులు లేచిపోయేవి.

కొంతకాలానికి పెద్ద మేస్త్రి గంటయ్య ముసలివాడై ఇంటిపట్టున కూర్చున్నాడు. అతని చోటికి రాజధాని నుంచి విక్రాంతుడు అనే అధికారి వచ్చాడు. పట్టుబట్ట కట్టాడు, ముందు డప్పు కొట్టించాడు. ఉలిని ఏ కొసన పట్టుకోవాలో మాత్రం తెలియదు. అరుగెక్కి, నేను మొదట చెప్పిన ఆ మాట అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా కొట్టింది నూకాలే.

నెల తిరగలేదు.

"తప్పుకు తీపి పెడతారా? ఇక తప్పులే పండుతాయి" అని విక్రాంతుడు బెల్లంకుండ ఎత్తించాడు. వాకిట్లో ఒక పలక నిలబెట్టి, నలభై పేర్లు రాయించాడు. ఎవరి అతుకులో చెమ్మ దొరికితే వారి పేరు పక్కన బొగ్గుచుక్క. పక్షానికొకసారి, చుక్కలేని మంచి పనివాడి తలలో నెమలి ఈక, అందరి ముందూ.

"పోటీ ఉంటేనే పని పదునెక్కుతుంది" అన్నాడు.

విభజించి పాలించడం ఎంత పాత విద్యో! అయినా ప్రతి కొత్త అధికారీ దాన్ని తానే కనిపెట్టానని అనుకుంటాడు.

మొదటి పక్షం ఈక ఎర్రయ్యకు వచ్చింది.

నూకాలు నవ్వింది. పెదవులే నవ్వాయి. మర్నాడు అతను పని చేస్తుంటే ఆ ఈక ఆమె కళ్లముందు ఊగింది. సుత్తి పడినప్పుడల్లా ఊగింది. అదే మనిషి, అదే చోటు, అదే వీపు. పన్నెండేళ్లు ఆ వీపు పక్కన కూర్చున్నట్టు ఉండేది. ఇప్పుడు తనకే వీపు తిప్పినట్టు ఉంది.

"అతని అతుకుల్లో సగం నేను చూపించి దిద్దించినవే కదా! కష్టం ఇద్దరిది, కిరీటం ఒక్కరికా?" అనుకుంది. పీచుకుప్పలో రవ్వ పడ్డట్టు, పొగ బయటికి రాకుండా ఆమె లోపల రగిలింది.

"ఏం చెల్లీ, మాట్లాడవేం?"

"నెమళ్లతో మాట్లాడే భాష నాకు రాదన్నా" అంది.

రెండో పక్షం వచ్చింది. నూకాలు ఎర్రయ్య పడవ కిందికి పాకింది. అతుకు పొడుగునా చెయ్యి పెట్టి నిమిరింది. ఎండిన ఎముకలా ఉంది. ఎక్కడా తడి లేదు. పక్కన ఆమె తాగే నీళ్ల ముంత ఉంది. అరచెయ్యి అందులో ముంచింది.

"చెమ్మ!"

ఎర్రయ్య పరుగున వచ్చాడు. తడిచెయ్యి చూశాడు, ఆమె ముఖం చూశాడు.

"నిజంగానా చెల్లీ?"

"తడి అబద్ధమాడుతుందా?"

బొగ్గుచుక్క పడింది. ఈ మారు ఈక నూకాలు కొప్పులోకి వచ్చింది. ఈకకు బరువుండదంటారు. ఆ పూటంతా ఆమె మెడ ఎత్తలేకపోయింది. మర్నాటికి ఎత్తగలిగింది. మూడోనాటికి ఎత్తుకునే నడిచింది. అసూయకు మెడ ఎంత తొందరగా అలవాటు పడుతుందో చూశారా!

ఒకరు చేసింది నలుగురూ చేశారు. గిట్టనివాడి ఎండు అతుకు తడిగా మారింది. కావలసినవాడి తడి అతుకు ఎండిపోయింది. తగవులకు భయపడినవాళ్లు ఏం దొరికినా నోరు విప్పలేదు. ఎవరి అంబలి వారు గోడకేసి తిరిగి తాగారు. విక్రాంతుడు మాత్రం రాజుగారికి కబురు పంపాడు. "రేవు ప్రశాంతంగా ఉంది. చెమ్మలు బాగా తగ్గాయి."

మూడో పక్షం నాటికి వానలు ముదిరాయి. ఏరు పొంగకముందే పల్లపు వాడల ఆడవాళ్లను, పిల్లలను అవతలి మెరకకు చేర్చాలి. అందుకోసం ఒక పెద్ద పడవ సిద్ధమైంది. "రాజుగారే వచ్చి సాగనంపుతారు. ఈసారి మంచి పనివాడికి ఈక కాదు, రాజుగారి చేత్తో తలపాగా!" అని విక్రాంతుడు చాటించాడు.

నూకాలు పడవ కిందికి పాకింది. ఎర్రయ్య వేసిన అతుకు మీద చెయ్యి పెట్టింది. అడుగు పలక దగ్గర తడి తగిలింది. ముంతలో తడి కాదు, నిజమైన చెమ్మ.

నోరు తెరిచింది. మూసింది.

"చెబితే ఏమవుతుంది? దిద్దుకుంటాడు. ఒక బొగ్గుచుక్క పడుతుంది, అంతే, రేపటికి అందరూ మరిచిపోతారు. చెప్పకపోతే? రాజుగారి కళ్లముందే అతని అతుకు తడుస్తుంది. అప్పుడు తెలుస్తుంది ఎవరి చెయ్యి గొప్పదో."

పడవలో ఎవరెక్కుతారో ఆమె ఆలోచించలేదు. అసూయ ఒక్క ముఖాన్నే చూస్తుంది. మిగతా లోకం దానికి కనబడదు.

బయటికి వచ్చి, "ఎండుగా ఉంది" అంది.

తెల్లవారింది. సుబాహు మహారాజు రేవుకు వచ్చాడు. ఆడవాళ్లు, పిల్లలు మూటలతో పడవెక్కుతున్నారు. ఎర్రయ్య కూతురు పైడి నూకాలు దగ్గరికి వచ్చింది.

"అత్తా, చంటిదాన్ని కాస్త పట్టుకో. నేనెక్కి అందుకుంటాను."

పైడి ఎక్కింది. వంగి చేతులు చాచింది. "అత్తా, ఇవ్వు."

నూకాలు ఇవ్వలేదు. పసిదాన్ని గుండెకు అదుముకుంది.

"చెమ్మ!" అని అరిచింది. "దిగండి! అందరూ దిగండి! అడుగు అతుకులో చెమ్మ ఉంది!"

"నిన్న ఎండుగా ఉందన్నది నువ్వే కదా?" అని విక్రాంతుడు గద్దించాడు.

ఎర్రయ్య ముందుకొచ్చాడు. "ఆనాడు ఈక ఓర్వలేకపోయావు. ఇవాళ తలపాగా ఓర్వలేకపోతున్నావు. నా మనవరాలిని ఇచ్చి తప్పుకో, నూకాలూ!" పన్నెండేళ్లలో చెల్లీ అనకుండా పిలిచింది అదే మొదలు.

"అవునన్నా, ఓర్వలేకపోయాను" అంది నూకాలు. "పోయిన పక్షం నీ అతుకు ఎండుగానే ఉంది. నా చెయ్యి నేనే ముంతలో ముంచాను. నిన్న నిజంగా తడి తగిలింది. నీ పరువు పోవాలని నోరు మూసుకున్నాను."



"ఒకసారి అబద్ధమాడినదాన్ని ఎలా నమ్మమంటావు?" అన్నాడు రాజు.

"నమ్మొద్దు మహారాజా. మనుషుల్ని దించి, వాళ్ల బరువుకు ఇసుకబస్తాలు వేయించండి. నేనొక్కదాన్నే ఎక్కుతాను. ఏటికి నేనూ ఒకటే, మీరూ ఒకటే. అదే చెబుతుంది."

అలాగే చేశారు. పడవకు మోకు కట్టి నీళ్లలోకి తోశారు. పది బారల దూరంలో నూకాలు పాదాలు తడిశాయి. ఇరవై బారల దూరంలో మోకాళ్లు మునిగాయి. ముప్పై బారల దూరంలో పడవ పక్కకు ఒరిగింది. మోకు లాగేవాళ్లు లాగుతూనే ఉన్నారు. ఎర్రయ్య మాత్రం ఏట్లోకి దూకి, ఆమె జబ్బ పట్టుకుని ఒడ్డుకు ఈడ్చుకొచ్చాడు.

పడవను పైకి లాగి చూశారు. నీరు దూరింది ఒక్క చోట కాదు, ఏడు చోట్ల. ఒక అతుకు ఎర్రయ్యది. ఇంకొకటి నూకాలుదే!

"దీన్ని చూసిందెవరు?" అన్నాడు రాజు.

ఎర్రయ్య తల వంచాడు. "నేనే మహారాజా. నాకూ తడి తగిలింది. నేనూ ఎండుగా ఉందనే అన్నాను."

వెనక నుంచి ఒక గొంతు, "నాకూ తెలుసు" అంది. తర్వాత ఇంకొకటి. తర్వాత ఇంకొకటి. నలభైమందిలో ఏడుగురికి తెలుసు. ఆ ఏడుగురి ఇంటివాళ్లూ మూటలతో ఆ పడవే ఎక్కారు.

"నేను ఒక ఈక ఇచ్చానంతే మహారాజా! ముంచమని చెప్పానా?" అన్నాడు విక్రాంతుడు.

పనివాళ్లు పడవను దుంగల మీదికి ఎత్తారు. అధికారిని అడగలేదు, పలక వైపు చూడలేదు. పీచు కూరారు, గుగ్గిలం పోశారు, నీళ్లు నింపారు. ఒకరి అతుకు కిందికి ఒకరు పాకారు. "చెమ్మ!" అంటే "ఎక్కడ?" అని పరుగెత్తారు. సాయంత్రానికి పడవ కదిలింది. చీకటి పడకముందే పల్లపు వాడలన్నీ మెరకకు చేరాయి. ఒక్కరి కాలు కూడా తడవలేదు.

అప్పుడు నూకాలు, వెనక ముప్పైతొమ్మిదిమంది, రాజుగారి ముందు నిలబడ్డారు.

"మహారాజా, నా తప్పుకు శిక్ష వెయ్యండి, పడతాను. కానీ మాకు ఈకలు వద్దు, తలపాగాలు వద్దు. మా మర్యాద మాకివ్వండి. మా పెద్ద మేస్త్రిని మాలోంచే పెట్టండి."

"ఆలోచిస్తాం" అన్నాడు రాజు.

"ఎప్పటిలోగా?"

రాజుగారిని ఆ మాట అంతకుముందు ఎవరూ అడగలేదు. ఆయన విక్రాంతుడి వైపు చూశాడు. విక్రాంతుడు నేల చూశాడు.

"దసరాకు మా ఉలులకు పూజ చేసుకుంటాం. ఆ తర్వాత వాటిని చేతపట్టాలా వద్దా అన్నది మీ జవాబును బట్టి" అన్నాడు ఎర్రయ్య, చెల్లెలి పక్కన నిలబడి.

ఈ కథ ఇంకా కంచికి బయలుదేరలేదు. ఆ రేవులోనే కూర్చుని ఉంది. రేవులు ఏలేవారందరికీ నీతి మాత్రం ఇప్పుడే చెబుతున్నాను: పనివాళ్ల మధ్య అసూయ నాటి పంట కొయ్యాలనుకునే యజమాని తన పడవకు తానే చిల్లు పెట్టుకుంటాడు, కాదంటారా, విజయదశమి పొద్దు వాలేలోగా జవాబు చెప్పండి.